పక్కింటి పావురం పిల్లలు

మీరెప్పుడైనా పావురం పిల్లని చూశారా? కాస్త ఆలోచించి చెప్పండి. చార్మినార్ దగ్గర గుంపులు గుంపులుగా పావురాల్ని చూసుంటారు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఏసీ వెనక అవి చేసే కంపుకి విసుగొచ్చి వల కూడా కట్టించుకుని ఉంటారు. కానీ పిల్లని? నాకు ముప్పై ఐదేళ్ళు వచ్చేదాకా నేనైతే చూడలేదు. పావురం పిల్ల గూడు దాటి బయటికొచ్చేసరికే దాదాపు తల్లంత అయిపోతుందట. అందుకే మన కళ్ళ ముందే తిరుగుతున్నా అది పిల్ల అని మనకి తెలీదు. ఈ సంగతి నాకు చెప్పింది మా పక్కింటి అంకుల్.

మేముండేది డబ్లిన్‌లో, ఫింగ్లస్ వైపు. ఒకదానికొకటి అతుక్కుని వరసగా ఇళ్ళు, వెనకాల గోడలు కట్టిన చిన్న చిన్న గార్డెన్లు. అంకుల్ గార్డెన్‌లో గడ్డీ లేదు, పూలమొక్కలూ లేవు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా చెక్కతో కట్టిన పావురాల షెడ్డు. దాన్ని ఇక్కడ లాఫ్ట్ అంటారు. అందులో ఓ అరవై దాకా పందెం పావురాలు. ఇల్లు మారిన కొత్తలో మా ఆయనతో గొడవేసుకున్నాను కూడా, "ఇండియాలో వీటిని తప్పించుకొచ్చి, ఇక్కడ ఏరి కోరి వీటి పక్కనే ఇల్లు తీసుకున్నారా" అని.

నేను భీమవరం పిల్లని. పందెం అంటే నాకు తెలిసింది సంక్రాంతి కోళ్ళే. మా తాతయ్య పుంజులకి బాదంపప్పు నానబెట్టి పెట్టేవాడు, మాకు పెట్టేవాడు కాదు. పావురాలతో పందెం ఏమిటి, కొట్టుకుంటాయా అని అంకుల్‌ని అడిగితే ఆయన చాలాసేపు నవ్వాడు. ఈ పందెంలో కొట్టుకోవడం లేదు. పావురాల్ని లారీలో ఎక్కడో దూరంగా తీసుకెళ్ళి ఒకేసారి వదుల్తారు. ఎవరి గూటికి అవి వచ్చెయ్యాలి. ఒక్కొక్కరి ఇల్లు ఒక్కో దూరంలో ఉంటుంది కాబట్టి ముందొచ్చిందా లేదా అని చూడరు, నిమిషానికి ఎన్ని గజాలు ఎగిరిందో లెక్క కడతారు. ఇంటికి రావడమే పందెం. అంతే.

ఇక్కడ డెబ్భై దాటిన వాళ్ళని కూడా పేరు పెట్టే పిలవాలి. నాకు నోరు రాలేదు, అంకుల్ అనేశాను. ఆయన మాట చివర నన్ను "లవ్" అంటాడు, మన వాళ్ళు "అమ్మా" అన్నట్టు. కొత్తలో ఉలిక్కిపడ్డాను, ఇప్పుడు అనకపోతే ఏమైందో అనుకుంటాను.

ఇక అసలు సంగతికి రావాలంటే ముందు మా పెద్దదాని గురించి చెప్పాలి.

అది పుట్టేటప్పటికి మేం ఐర్లాండ్ వచ్చి ఏడాదిన్నర. ఇద్దరికీ ఉద్యోగాలు, ఇద్దరికీ పర్మిట్ బెంగ. దగ్గర్లో క్రెష్‌లో సీటు లేదు. ఉన్నచోట ఫీజు ఇంకో ఇంటి అద్దెంత. విజిట్ వీసా మీద అమ్మని ఉండనిచ్చేది తొంభై రోజులే. చివరికి పది నెలల పిల్లని మా ఆయన భీమవరం తీసుకెళ్ళి దిగబెట్టి వచ్చారు. మీలో చాలామందికి ఈ కథ కొత్త కాదని నాకు తెలుసు. మన గ్రూపులోనే ఎంతమందిమి ఉన్నామో.

పధ్నాలుగు నెలల తర్వాత తెచ్చుకుందామని వెళ్ళాను. అది అమ్మ కుచ్చెళ్ళ వెనక దాక్కుని తొంగిచూసి, "ఫోనమ్మ వచ్చింది" అంది. రోజూ వీడియో కాల్‌లో కనపడేదాన్ని కదా. దానికి నేను ఫోన్‌లో ఉండే అమ్మని, అసలు అమ్మ మా అమ్మే. డబ్లిన్ వచ్చాక రెండు నెలలు రాత్రిళ్ళు "అమ్మా" అని ఏడ్చేది. నేను పరిగెత్తుకెళ్ళేదాన్ని. నన్ను చూసి ఇంకా గట్టిగా ఏడ్చేది. ఈ ముక్క నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మా అమ్మకి కూడా.

ఇప్పుడు దానికి ఆరేళ్ళు. పోయినేడు జనవరి చివర్లో మాకు బాబు పుట్టాడు. పురుడుకి అమ్మ వచ్చింది. పిల్లాడు కడుపులో ఉండగానే అందరి నోటా ఒకటే ప్రశ్న, "వీణ్ణెప్పుడు పంపుతారు?"

అదే ఫిబ్రవరిలో అంకుల్ పావురాల్ని జత కట్టాడు. ఇక్కడ చాలామంది వాలెంటైన్స్ డే నాడే జత కలుపుతారట, అదో ఆనవాయితీ. పది రోజులకి ఒక గుడ్డు, మర్నాడు కాక ఆ తర్వాత రోజు ఇంకో గుడ్డు. రెండే. ఆడా మగా వంతులేసుకుని పొదుగుతాయి. పగలు ఎక్కువ భాగం మగది, సాయంత్రం నుంచి తెల్లవార్లూ ఆడది. పదిహేడు, పద్దెనిమిది రోజులకి, సరిగ్గా సెయింట్ పాట్రిక్స్ డే హడావిడిలో, పిల్లలు వచ్చాయి.

అంకుల్ మా పెద్దదాన్ని పిలిచి చూపించాడు. దాంతోపాటు నేనూ వెళ్ళాను, చంకలో ఏడు వారాల చిన్నాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, పావురం పిల్ల అందంగా ఉండదు. కళ్ళు మూసుకుని, పసుపు నూగుతో, పెద్ద ముక్కుతో, వంకాయ తొక్క రంగు ఒళ్ళు. పుట్టిన మొదటి నాలుగైదు రోజులు గింజ ముట్టవు. తల్లి మెడ కింద ఉండే తిండిసంచిలో విరిగిన పాలలాంటి ముద్ద తయారవుతుంది, అదే వాటికి పాలు. పిల్ల తన ముక్కుని తల్లి నోట్లో పెట్టి తాగుతుంది. విచిత్రం ఏంటంటే తండ్రికీ పాలొస్తాయి. మనకి పాలు పడడానికి ఏ హార్మోన్ కారణమో, ఆ ప్రోలాక్టినే వీటికీ కారణమట. "చూశారా, మగ పావురం కూడా పాలిస్తుంది" అని ఆ రాత్రి మా ఆయన్ని లేపి మరీ చెప్పాను. ఆయన అటు తిరిగి పడుకున్నారు.

వారం తిరిగేసరికి కాలికి రింగు వేశాడు. ఆ రింగుకి అతుకు ఉండదు. పాదం చిన్నగా ఉన్నప్పుడే ఎక్కించాలి, రెండు రోజులు ఆలస్యమైతే ఎక్కదు, ఎక్కాక జన్మలో రాదు. దాని మీద ఏ సంవత్సరం పుట్టిందో, దాని నంబరేమిటో ఉంటాయి. ఐరిష్ హోమింగ్ యూనియన్ లెక్కల్లో ఆ నంబరు ఎవరిదో రాసుంటుంది. మనకి ఆధార్ లాగా అనుకోండి. ఒక పిల్ల మరీ గుండ్రంగా ఉందని మా పెద్దది దానికి "బూరె" అని పేరు పెట్టింది. అంకుల్‌కి ఆ పేరు నోరు తిరగలేదు, "బూరీ" అనేవాడు.

ఏప్రిల్ నెల మధ్యలో ఓ ఉదయం అంకుల్ గోడ మీంచి పిలిచాడు, "ఇవాళ వేరు చేస్తున్నాను, పాపని పంపు" అని. మా పెద్దది క్యాలెండర్ మీద గీతలు గీస్తూ ఉంది కాబట్టి తెలుసు, బూరెకి అది ఇరవై ఆరో రోజు.

తల్లి నుంచి వేరు చేసే రోజు లెక్క పెట్టుకుని చేసేది కాదట. ఆయన ఒక్కో పిల్లనీ చేతిలోకి తీసుకుని రెక్క ఎత్తి చూశాడు. రెక్క కింద ఈకలు మూసుకుపోయి, చర్మం కనపడకపోతే సిద్ధమైనట్టు. ఖాళీ ఉంటే ఇంకో రెండు రోజులు. తొందరపడితే పిల్ల దెబ్బతింటుంది, మళ్ళీ కోలుకోవడానికి వారాలు పడుతుంది. మరీ ఆలస్యం చేస్తే తల్లికి కష్టం, ఎందుకంటే అప్పటికే తల్లి రెండో విడత గుడ్ల మీద కూర్చుని ఉంటుంది. పిల్లేమో ఇంకా వెనకాల పడి కీచుకీచుమంటూ తిండి అడుగుతుంది.

సిద్ధమైన వాటిని షెడ్డులోనే పక్క గదిలోకి మార్చాడు. కింద ఎండుగడ్డి, ఒక నీళ్ళ డబ్బా, ఒక తొట్టిలో గోధుమలు, చిన్న బఠాణీలు, సన్న మొక్కజొన్న. పిల్లలు ఏవీ ముట్టలేదు. మూల నక్కి అరుస్తున్నాయి. అంకుల్ ఒక్కోదాన్నీ పట్టుకుని ముక్కు నీళ్ళలో ముంచాడు. కోడిలాగా తలెత్తి మింగదు పావురం, ముక్కు ముంచి పీల్చుకుంటుంది. ఒకసారి నీళ్ళెక్కడున్నాయో తెలిస్తే చాలు. ముందు నేర్చుకున్నదాన్ని చూసి మిగతావి నేర్చుకుంటాయి. మొదటి రోజు తిండి తినకపోయినా ఫరవాలేదు గానీ, నీళ్ళు తాగకుండా రాత్రి పడుకోనివ్వకూడదు అన్నాడు.

మా అమ్మ గోడ ఇవతల స్టూలెక్కి ఇదంతా చూస్తోంది. "అయ్యయ్యో, పసిగుడ్డుల్ని వేరు చేశాడేంటే పాపిష్టోడు. నూకలు వెయ్యమను, ఆ గింజలు గొంతుకడ్డం పడతాయి" అని ఆయనకే తెలుగులో చెప్పేసింది. ఆయన ఇంగ్లీషులో ఏదో జవాబిచ్చాడు. ఈవిడకి ఆ భాష రాదు, ఆయనకి ఈ భాష రాదు, పది నిమిషాలు మాట్లాడుకున్నారు. చివరికి అంకుల్ బియ్యపు నూకలు ఇమ్మని చెయ్యి చాపాడు. అమ్మ గెలిచింది.

మా పెద్దది మాత్రం రెండు గదుల మధ్య ఉన్న చెక్కల సందుల్లోంచి చూస్తూ నిలబడింది. అవతల తల్లుల గుర్రుగుర్రు వినపడుతోంది. అక్కడే నన్ను అడిగింది, "నన్ను పంపినప్పుడు నాకెన్ని రోజులమ్మా?"

దానికి ఈ సంగతి ఎవరూ దాచలేదు, అలాగని ఎవరూ కూర్చోబెట్టి చెప్పనూ లేదు. "పది నెలలు" అన్నాను. వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుంది. "వీటికి పక్కనే వినపడుతోంది కదా" అంది. అంతే. మళ్ళీ బూరె దగ్గరికి వెళ్ళిపోయింది. నేను చిన్నాడికి ఆకలేస్తోందని చెప్పి ఇంట్లోకి వచ్చేశాను. వాడు నిద్రపోతున్నాడు.

ఆ వారంలోనే అమ్మ తొంభై రోజులు అయిపోయాయి. ఎయిర్‌పోర్టులో చిన్నాణ్ణి నా చేతిలో పెడుతూ, "అమ్మలూ, ఆరో నెలలో అన్నప్రాసన చేసి అల్లుడు గారితో పంపించెయ్యి. పెద్దదాన్ని పెంచలేదా, వీణ్ణి పెంచలేనా" అంది. జూలై మధ్యకి నా ఇరవై ఆరు వారాల మెటర్నిటీ లీవ్ అయిపోతుంది. ఆ తర్వాత ఇంకో పదహారు వారాలు తీసుకోవచ్చు గానీ జీతం ఉండదు. మా ఆయన అప్పటికే టికెట్ రేట్లు చూస్తున్నారు. "చూద్దాంలే అమ్మా" అన్నాను.

ఏప్రిల్ చివర్లో అంకుల్ పిల్లల్ని మొదటిసారి ఆకాశం చూపించాడు. షెడ్డు పైన, అవి వచ్చి వాలే చెక్క దగ్గర ఒక తీగల బోను పెట్టి, రోజూ కొన్ని గంటలు అందులో కూర్చోబెట్టేవాడు. ఎగరడానికి లేదు, చూడడానికే. మా ఇంటి పొగగొట్టం, ఎదురింటి చెట్టు, చర్చి గోపురం, రోడ్డు మీద బస్సులు. ఇదంతా ఎందుకని అడిగితే, "ఇల్లు అంటే ఏమిటో ఇప్పుడే వాటి బుర్రలో పడుతోంది" అన్నాడు.

తర్వాత నేను కూడా కొంచెం చదివాను. పావురం ఇంటి దారి ఎలా కనిపెడుతుందన్నది ఒక్క ముక్కలో తేలేది కాదు. సూర్యుణ్ణి బట్టి దిక్కు చూసుకుంటుంది, భూమి అయస్కాంత శక్తినీ పసిగడుతుంది. ఇటలీలోని పీసాలో 1970లలో చేసిన పరిశోధనల్లో ఇంకో సంగతి బయటపడింది. పిల్లప్పుడు గూట్లో కూర్చున్నప్పుడు ఏ వైపు గాలి ఏ వాసన తెస్తుందో అది నేర్చుకుంటుంది, ఆ వాసనలే తర్వాత దానికి మ్యాపు అవుతాయి. ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు 2004లో చూసిందేమో, తెలిసిన దారిలో అవి మనలాగే హైవేల వెంబడి ఎగురుతాయని, జంక్షన్ దగ్గర మలుపు కూడా తిరుగుతాయని.

అంకుల్‌కి ఈ చదువులేవీ అక్కర్లేదు. ఆయన అనుభవం ఒకటే. పావురం పిల్లని కొనుక్కోవాలంటే తల్లి నుంచి వేరు చేసిన వెంటనే, ఇంకా ఎగరకముందే తెచ్చుకోవాలి. అప్పుడు కొత్త గూడే దాని ఇల్లు. ఒక్కసారి ఒక చోట గాల్లోకి లేచి తిరిగి వాలిందంటే ఆ చోటే దాని ఇల్లు. తర్వాత ఎవరు కొనుక్కెళ్ళినా, తలుపు తీస్తే పాత ఇంటికే పోతుంది. ఏళ్ళ తర్వాత కూడా పోతుంది. అందుకే అలా కొన్న పెద్ద పావురాల్ని గుడ్ల కోసం ఉంచుకుంటారు గానీ ఎప్పటికీ బయటికి వదలరు. వాటిని "ఖైదీలు" అంటారట. ఆయన దగ్గర నాలుగున్నాయి, తీగల వెనక.

ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు నిద్రపట్టలేదు. పది నెలలకి పంపినదానికి ఏ ఆకాశం ముందు కనపడింది? ఆరు నెలలకి పంపితే వీడికి? నేనో మరి? ఇరవై ఏడేళ్ళు భీమవరం ఆకాశం చూసి వచ్చినదాన్ని, నేను తీగల వెనక ఉన్న లెక్కేనా?

మే మొదటివారంలో ఓ సాయంత్రం బోను తలుపు తీశాడు. దానికి ముందు మా ఇంటికి వచ్చి ఆరేసిన దుప్పట్లు తీసెయ్యమన్నాడు, అటు పక్కవాళ్ళని గడ్డి మిషను ఆపమన్నాడు. మొదటిరోజు బెదిరితే అంతే సంగతులు. పిల్లలు ఆకలి మీద ఉండాలి, సాయంత్రం అయ్యుండాలి, అప్పుడైతే దూరం పోవు. ఆయన చేతిలో పాత బిస్కెట్ల డబ్బా, అందులో గింజలు. మొదటిరోజు నుంచీ తిండి పెట్టే ముందు ఆ డబ్బా గలగలలాడించేవాడు. ఆ చప్పుడంటే తిండి, తిండంటే ఇల్లు.

కొన్ని షెడ్డు మీదే తిరిగాయి, కొన్ని రెక్కలు కొట్టుకుని మళ్ళీ కూర్చున్నాయి. బూరె మాత్రం ఎగిరి మా ఇంటి కప్పు మీద పడింది. అక్కడినుంచి ఎలా దిగాలో దానికి తెలీలేదు. మిగతావన్నీ డబ్బా చప్పుడుకి లోపలికి పోయాయి. చీకటి పడుతున్నా ఇది కప్పు మీదే ఉంది. అంకుల్ పిలవలేదు, రాయి విసరలేదు, నిచ్చెన వెయ్యలేదు. ఐదు నిమిషాలకోసారి డబ్బా ఊపుతూ నిలబడ్డాడు. ఇక్కడ మే నెలలో తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది కదా, ఆ వెలుగు పోయేవేళకి దబ్బుమని వచ్చి చెక్క మీద పడింది.

ఆ రోజే నేను ఉండబట్టలేక అడిగాను, "పెద్దయ్యాక కొత్త ఇంటికి అలవాటు చెయ్యడం అసలు కుదరదా?"

కుదురుతుందన్నాడు. కొత్త చోట జత కట్టాలి, గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచనివ్వాలి. గూట్లో పిల్లలుండగా తలుపు తీస్తే కొన్ని ఉండిపోతాయి. కొన్ని పోతాయి. "ముందుగా చెప్పలేం, లవ్." తర్వాత ప్యాడీ కథ చెప్పాడు. ఉత్తర ఐర్లాండ్‌లో ఆంట్రిమ్ తీరాన కార్న్‌లాక్ అనే ఊళ్ళో పుట్టిన పావురం. రెండో ప్రపంచ యుద్ధంలో దాన్ని ఇంగ్లండ్ తీసుకెళ్ళి సైన్యానికి తయారుచేశారు. 1944 జూన్‌లో నార్మండీ నుంచి 230 మైళ్ళు, ఇంగ్లిష్ ఛానల్ దాటి, 4 గంటల 50 నిమిషాల్లో కబురు తెచ్చింది. జంతువులకిచ్చే డికిన్ మెడల్ అదే ఏడాది దానికిచ్చారు. అది ఎగిరొచ్చింది కార్న్‌లాక్‌కి కాదు, దక్షిణ ఇంగ్లండ్‌లో ఉన్న కొత్త గూటికి. "అయినా మేం దాన్ని ఐరిష్ పావురమనే అంటాం" అన్నాడు అంకుల్.

జూన్‌లో పిల్లలు గుంపు కట్టడం మొదలెట్టాయి. ఇంటి చుట్టూ తిరిగేవి కాస్తా ఓ రోజు ఎటో కనపడకుండా పోయి గంట తర్వాత వచ్చాయి. నాకు గుండె ఆగినంత పనైంది, అంకుల్ మాత్రం సంతోషించాడు. అలా దూరం పోయి తమంతట తాము వస్తేనే శిక్షణకి సిద్ధమైనట్టట. ఇక బుట్ట అలవాటు. రెండు మూడు రాత్రులు బుట్టలోనే పడుకోబెట్టి, బయట తగిలించిన తొట్టిలోంచి తల బయటపెట్టి నీళ్ళు తాగడం నేర్పాడు. లేకపోతే పందెం లారీలో దాహంతో చస్తాయి.

జూలైలో కారులో తీసుకెళ్ళి వదలడం. మొదటిసారి అయిదు మైళ్ళు, అదే చోటు మూడు నాలుగు సార్లు. తర్వాత పది. తర్వాత నేస్ దాకా. ఐర్లాండ్‌లో రోడ్ల మీద స్పీడు 2005లోనే కిలోమీటర్లలోకి మారింది గానీ పావురాల వాళ్ళు ఇంకా మైళ్ళలోనే ఉన్నారు. నేస్‌కి మేమూ వెళ్ళాం. బుట్ట మూత తియ్యగానే ఒక్కసారి గాలి చప్పుడు, తలపైన రెండు చుట్లు, ఇక లేవు. మేం మోటర్‌వే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఇంటికొచ్చేసరికి అవి గింజలు తిని కునుకుతున్నాయి. మా పెద్దది ఒక్కొక్కటే లెక్కపెట్టింది. బూరె ఉంది.

జూలై రెండో వారంలో పోర్ట్‌లీష్ నుంచి వదిలిన రోజు పద్దెనిమిదిలో పధ్నాలుగే వచ్చాయి. ఆ రోజు ఎండగానే ఉంది, గాలి కూడా లేదు. డేగ తరిమి ఉంటుందన్నాడు అంకుల్. చీకటిపడే వేళకి ఇంకోటి వచ్చింది, మర్నాడు తోక ఈకలు ఊడిపోయి మరోటి. బూరె రాలేదు. మా పెద్దది గార్డెన్‌లో ఖాళీ బిస్కెట్ల డబ్బాలో బియ్యం పోసి ఊపుతూ కూర్చుంది. మూడు రోజులు.

నాలుగో రోజు అంకుల్‌కి ఫోనొచ్చింది. వికలో వైపు ఎవరో ఒకాయన షెడ్డులో బూరె దిగిందట, రింగు నంబరు చూసి కబురు పెట్టారు. నీళ్ళూ తిండీ పెట్టి బలం వచ్చాక వదిలెయ్యమన్నాడు అంకుల్. వదిలారు. అది వాళ్ళ కప్పు మీదే తిరిగి, మళ్ళీ వాళ్ళ షెడ్డులోకే పోయింది. మీరే ఉంచుకోండి అనేశాడు ఈయన. నేర్పిన లెక్క ప్రకారం అలా జరక్కూడదు, కానీ పిల్లల విషయంలో అప్పుడప్పుడూ జరుగుతుందట.

మా పెద్దది ఏడుస్తుందనుకున్నాను. అన్నం తింటూ తింటూ, "దానికి అక్కడ నచ్చిందేమో" అంది. కాసేపయ్యాక, "నాకూ అమ్మమ్మ ఇల్లు నచ్చింది. మరి నువ్వెందుకు రాలేదు?" అంది.

అన్నాళ్ళూ నేను పెట్టుకున్న బెంగ వేరు. అక్కడ దానికి కష్టమైందనీ, ఆ ఇల్లు దాన్ని నా నుంచి లాగేసుకుందనీ. దానికి ఆ ఇంటితో ఏ పేచీ లేదు. అక్కడ నేను లేకపోవడమే దానికి తెలిసిన లోటు.

ఆ రాత్రి మా ఆయనా నేనూ లెక్కలు వేశాం. పదహారు వారాలు జీతం లేకుండా, దాచుకున్న డబ్బు దాదాపు మొత్తం. పొద్దున్నే అమ్మకి ఫోన్ చేశాను, చిన్నాణ్ణి పంపట్లేదని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నా పెంపకంలో ఏం తక్కువైందే?" అంది. నేను భయపడింది ఆ ప్రశ్నకే. అప్పుడు చెప్పాను, ఫోనమ్మ సంగతి, రాత్రిళ్ళ ఏడుపు సంగతి, పెద్దది అడిగిన ప్రశ్న, అన్నీ. "నువ్వు బాగా పెంచావు కాబట్టే దానికి నీ కోసం అంత బెంగ అమ్మా" అన్నాను. అమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పది రోజులు సరిగ్గా మాట్లాడలేదు. పదకొండో రోజు ఫోన్ చేసి అన్నప్రాసనకి ఏ బియ్యం వాడుతున్నానో కనుక్కుంది.

చిన్నాడు నవంబరులో క్రెష్‌కి వెళ్ళాడు. మొదటి వారం గంట, రెండోవారం రెండు గంటలు, అయిదు మైళ్ళు, పది మైళ్ళు అన్నట్టు. ఏడ్చాడు. జలుబులు తెచ్చాడు, మాకందరికీ అంటించాడు. డబ్బుకి ఇప్పటికీ ఇబ్బందే. మేం చేసింది గొప్ప పనేం కాదు. పర్మిట్ ఇంకా పాతదే అయ్యుంటే, పెద్దదానప్పటి పరిస్థితే ఉండుంటే, వీణ్ణీ పంపేవాళ్ళమే.

అందుకని పంపిన వాళ్ళని తప్పుపట్టడానికి ఇది రాయలేదండి. పంపాల్సి వస్తే నాకు తెలిసిన రెండు మాటలు చెప్తాను. తిరిగి తెచ్చే తేదీ పంపేముందే అనుకోండి. తెచ్చేటప్పుడు అక్కడి వస్తువు ఒకటి వెంట తీసుకురండి. మా పెద్దది అమ్మ దగ్గర అన్నం తిన్న స్టీలు గిన్నె పొరపాటున సూట్‌కేసులో వచ్చింది. ఇక్కడ మొదటి నెల ఆ గిన్నెలో పెడితేనే తినేది. అంకుల్ బిస్కెట్ల డబ్బా చూసేదాకా ఆ గిన్నె ఏం పనిచేసిందో నాకు తెలీలేదు. ఇంకోటి, పిల్లలు పెద్దయ్యాక అడిగితే దాచకండి. వాళ్ళు మనమనుకున్న ప్రశ్న అడగరు.

ఈ ఫిబ్రవరిలో అంకుల్ మళ్ళీ జతలు కట్టాడు. మా పెద్దది కొత్త క్యాలెండర్ మీద గీతలు మొదలెట్టింది. బూరె రింగు నంబరు ఇంకా మా ఫ్రిజ్ మీదే ఉంది. ఈసారి వేసవి సెలవులకి పిల్లలిద్దర్నీ తీసుకుని నేనూ భీమవరం వెళ్తున్నాను, ఆరు వారాలు. అమ్మ ఇప్పటినుంచే నూకలు జల్లిస్తోందట, ఎవరికోసమో నాకు చెప్పడంలేదు.

మీ ఇంట్లో ఎలా జరిగిందో మీరూ రాయండి.